మత్తు డాక్టరమ్మ మెడ కొలిచింది

బుజ్జిగా, ఈ రోజు మీ నాన్న హెర్నియా ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరమ్మ ఆయన్ని చూసింది. నోరు తెరిపించింది, నాలుక చాపించింది, ఆఖరికి మెడకు టేపు చుట్టింది.

“ఆపరేసను కడుపుకి కదమ్మా, మెడకి కొలతలేటి? సొక్కా కుడతావేటి?” అన్నాడు మీ నాన్న.

ఆమె నవ్వి, “గురక పెడతారా? మధ్యలో ఆగుతుందా?” అని నన్ను అడిగింది.

“ఆగుతాదమ్మా. ఆగితే హమ్మయ్య అనుకుని నేను తొంగుంటాను.”

“మెడ లావుగా ఉన్నవాళ్లకి నిద్రలో గొంతు మూసుకుపోయి, ఊపిరి ఆగితేనే గురక అలా ఆగుతుందమ్మా. మత్తులో ఇంకా ప్రమాదం. ముందే తెలిసింది కాబట్టి జాగ్రత్త పడతాం.”

నువ్వూ గురక పెట్టేవాడివి. నిద్రలోనే పోయావు. ఆ రోజు కూడా నేను హమ్మయ్య అనుకున్నానా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.

బుజ్జిగాడికి రాసిన ఇది చదివేవాళ్లూ, మీ ఇళ్లలో గురక ఆగితే మీరేం చేస్తారో నాకు చెప్పండి. వేళకు కడుపునిండా తినండి.