ఎరుపంటిన వేలు

నాగదుర్గ పాస్టెల్ బొమ్మలు వేసేది వేళ్లతోనే. సుద్దముక్కలాంటి రంగును కాగితం మీద గీసి, బొటనవేలితో పులిమితే గాని ఆమెకు తృప్తి ఉండదు. అన్నం కలిపేటప్పుడు కూడా గోళ్ల సందున ఏదో ఒక రంగు కనబడుతుంది. ఆ మధ్య ఒక పొద్దున, భర్త తేజేశ్వర్ నేస్తున్న తెల్లటి మంగళగిరి చీరపై ఎండ పడితే, ఆ మెరుపు చూసి ఉండబట్టలేక తడిమింది. వేలికున్న ఎరుపు చీరకంటింది.

“నా కుంకుమ చెయ్యే తగిలుంటదిరా, చూసుకోలేదు,” అంది అత్త పున్నమ్మ నొచ్చుకుంటూ, మరక చూసి కొడుకు తల పట్టుకుంటే. నాగదుర్గ చేతులు కొంగులో దాచుకుంది. ఇప్పుడు పున్నమ్మ పూజయ్యాక ఒకటికి రెండుసార్లు చేతులు కడుక్కుంటే గాని మగ్గం గదిలోకి రాదు. నాగదుర్గ పెట్టెలో రంగులన్నీ అరిగి పొట్టివైపోతున్నాయి, ఆ ఎరుపు ఒక్కటి తప్ప.