ఫ్రిజ్ గారి అరుపు

మా ఆఫీసులో ఫ్రిజ్ గారు ఏది కనబడినా ఫ్రీజ్ చేసేస్తారు. అదొక్కటే ఆయన జబ్బు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

ప్రోగ్రాములో ఫ్రీజ్ చేయడమంటే, ఇక దీన్నెవరూ మార్చకూడదని బిగించేయడం. అందరూ చేసేదే. ఈ మహానుభావుడు కుర్చీ ఎత్తు, కిటికీ తెర, కాఫీ కప్పు పిడి ఏ వైపుండాలో కూడా బిగించేశారు. ఎవరైనా ముట్టుకున్నారో, కింది అంతస్తుదాకా వినపడేలా అరిచేవారు.

"కుర్చీ అంగుళం దించితే కొంపలేం మునిగాయి సార్? మీరే పైకి లాక్కోవచ్చుగా?" అన్నానొకసారి.

"లాక్కుంటే దించినవాడికి తెలిసేదెలా? మార్చేశాననుకుని హాయిగా తిరుగుతాడు!"

మేనేజరుతోనూ రోజూ ఇదే తగువు. మేం రాస్తున్నది ఆసుపత్రికి మందుల ప్రోగ్రాము. డాక్టరు సంతకం పెట్టగానే డోసు ఫ్రీజ్ అవుతుంది. ఆ తర్వాత ఎవరైనా మార్చబోతే ప్రోగ్రాము ఏం చేయాలి?

"మారకుండా ఉంటే చాలదుటండీ? మళ్ళీ గోల దేనికి?" అనేవాడు మేనేజరు.

"గోల చేయకపోతే డోసు మారిందనుకుంటుందయ్యా నర్సు! అరవాలి! గొంతు చించుకుని అరవాలి!" అంటూ ఈయనే గొంతు చించుకునేవారు.

నేనప్పటికి కొత్త. వచ్చీరాగానే రెండు తప్పులు చేసేశాను. మూడోది చేస్తే ఇంటికేనని మేనేజరు ముందే చెప్పేశాడు. సరిగ్గా ఆసుపత్రివాళ్ళు చూడ్డానికొచ్చిన రోజున స్క్రీనంతా ఎర్రబడి, కీచుమని మోగింది. నేను రాసిన ప్రోగ్రాము ముక్కే ఫ్రీజైన డోసును మార్చబోయింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎవరిదీ నిర్వాకం?" మేనేజరు కళ్ళెర్రజేశాడు.

స్క్రీను మీద ఇలా ఉంది: "ఆగింది. బిగించింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టండి. మార్చబోయినవాళ్ళు కంగారుపడకుండా నా దగ్గరికి రండి, కలిసి చూద్దాం." కింద ఫ్రిజ్ గారి సీటు నంబరు. మార్చబోయింది ఎవరో మాత్రం రాసి లేదు.

మేనేజరు ఆయన్ని అందరి ముందూ కడిగేశాడు. ఆయన బుద్ధిగా తలూపారు. నేను నోరు తెరవబోతే కాలు తొక్కారు. హెడ్ నర్సు మాత్రం, "మాకిలా అరిచేదే కావాలండీ. కిమ్మనకుండా ఉండేదైతే వద్దు" అంది. దాంతో తగువు తీరింది.

బయటికొచ్చాక నాకు ఏడుపొక్కటే తక్కువ. "తప్పు నాది కదా సార్, మీరెందుకు తిట్లు తినడం?"

"అరవాల్సింది వస్తువమ్మా. మనిషి మీద మనిషి అరిస్తే ఇక ఎవరు తప్పు ఒప్పుకుంటారు?"

"మరి కుర్చీ కోసం మీరరుస్తారుగా?"

"దానికి నోరు లేదు కదే పిచ్చిపిల్లా!"

"ఇలా ఎంతమంది తప్పులకి మీరు తిట్లు తిన్నారేంటి?"

ఆయన వేళ్ళు మడుస్తూ ఆలోచించారు. "గదిలో అందరివీ ఒకటీ అరా ఉన్నాయి. మీ మేనేజరువైతే, చేరిన కొత్తలో, నాలుగు. పైకి అనకు, చిన్నబుచ్చుకుంటాడు."