పేరంటంలో బయటపడ్డ పేపరు

మా నాన్న బందరులో కలెక్టరు కచేరీ గుమాస్తా. దొరల కొలువు చేస్తూ స్వరాజ్యం వార్తలు రాసే పేపరు ఇంట్లో పెట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. అయినా చదవకుండా ఉండలేడు. అందుకని పక్కింటి మాస్టారు తెప్పించుకునే పేపరును రోజూ సాయంత్రం నేను పరికిణీ కుచ్చెళ్లలో దాచి తెచ్చేదాన్ని. అప్పుడు నాకు పదకొండేళ్లు.

నాన్నకి చత్వారం. వంటింట్లో పీట వేసుకుని నాచేత మెల్లగా చదివించుకునేవాడు. అయ్యాక ప్రశ్నలు. “లాఠీలతో కొట్టారని రాశాడు సరే, ఎంతమందికి తగిలిందో రాయలేదేమే?” “ఆ జమీందారు ఉన్నట్టుండి ఖద్దరు ఎందుకు కట్టాడంటావు?” అలా అడిగి అడిగి నాకు దేన్నీ ఊరికే నమ్మబుద్ధి కాకుండా చేశాడు. పాలవాడు గుమ్మం దగ్గర కాస్త ఆగినా నాకు అనుమానమే. ఆ అనుమానం భలే సరదాగా ఉండేది, పెద్దదాన్ని అయిపోయినట్టు.

ఒకరోజు నాన్న మొహం మాడ్చుకుని వచ్చాడు. పైఅధికారి శిరస్తాదారు గారు పిలిచి, “మీ అమ్మాయి పేపరు గడగడా చదువుతుందటగా, ఏ పేపరేమిటి?” అని అడిగారట. నాన్న ఏదో సర్దిచెప్పి బయటపడ్డాడు. ఇంకోసారి చెవిన పడితే కొలువు ఉండదని ఆయన తేల్చి చెప్పారట.

“మనం ముగ్గురం కాక తెలిసింది మాస్టారికే. ఆయనే చేరవేసుంటాడు” అన్నాడు నాన్న. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తల ఎత్తలేదు. మర్నాటి నుంచి ఆ ఇంటితో మాకు మాటల్లేవు. నాకూ మాస్టారిమీద ఒళ్లు మండింది.

తర్వాతి శ్రావణ శుక్రవారం అమ్మతో శిరస్తాదారు గారింటికి పేరంటానికి వెళ్లాను. నా కాళ్లకి పసుపు రాస్తూ వాళ్లావిడ నవ్వింది. “పేపరు చదివే పిల్ల ఇదేనా అండీ? కిందటి పేరంటంలో మీరు చెప్పింది మా వారితో అన్నాను. మావాడికి ఒక్క ముక్క రాదని అప్పట్నుంచీ ఒకటే గోల!”

అమ్మ మొహం పాలిపోయింది. దారిలో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “ఆవిడ వాళ్లబ్బాయి చదువు గురించి గొప్పలు పోతుంటే నా నోరు ఆగలేదే. నాన్నకి చెప్పకమ్మా” అంది. అమ్మ నన్ను అలా బతిమాలడం అదే మొదటిసారి. నేను చెప్పలేదు.

వారం పోయాక ప్రహరీ మీదుగా మాస్టారు పిలిచారు. చేతిలో ఆ రోజు పేపరు ఉంది.

“మీ నాన్నగారికి నామీద ఎందుకమ్మా కోపం? నావల్ల ఏదైనా పొరపాటు జరిగిందా?”

“నాకు తెలీదండీ” అన్నాను.

నన్ను ఇంకేమీ అడగలేదు. “పోన్లే, ఇది ఆయనకియ్యి. ఇవాళ ఆయన చూడాల్సిన వార్తుంది” అని పేపరు అందించారు. నేను వీధి అటూ ఇటూ చూసి, అందుకోకుండానే లోపలికి వెళ్లిపోయాను. ఆయన నా మాట నమ్మారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.