పదో దెబ్బకి అయిపోతుంది

పోయిన ఆదివారం మా అమ్మాయి ప్లేనో నుంచి ఫోన్ చేసి, "అమ్మా, పెళ్లిలో నేను నడిచి వచ్చేటప్పుడు నాన్న గిటార్ ప్లే చేయాలి. ఒక ఫుల్ పాట పంపు" అంది. ఆయన పోయి ఏడాదయింది. సరేనన్నాను. ఆయన ఫోన్‌లో రికార్డింగులు బోలెడున్నాయి. ఫుల్ పాట ఉందా అన్నదే నా భయం.

యాభై రెండేళ్లొచ్చాక మా ఆయనకి ఫ్లమెంకో అనే స్పెయిన్ గిటార్ సంగీతం పిచ్చి పట్టింది. మా ఊరు ఎడిసన్‌లో ఆ ఈడు మగవాళ్లంతా వాకింగూ, షుగర్ టెస్టులూ అంటుంటే, ఈయన శనివారం పొద్దున్నే పక్క ఊరు పిస్కాటవే వెళ్లి ఒక స్పెయిన్ టీచరమ్మ ముందు కూర్చునేవారు. తీగలు మీటడానికి కుడిచేతి గోళ్లు పెంచి, వాటికి రంగులేని నెయిల్ పాలిష్ వేసుకుని ఆఫీస్‌కి వెళ్లేవారు. ఆ చేత్తో పప్పన్నం కలుపుకోడానికి పడే అవస్థ చూడలేక నేనే చెంచా ఇచ్చేదాన్ని. తిన్నాక కిచెన్ టేబుల్ దగ్గర గిటార్ తీసి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, "కాస్త తాళం వేద్దూ" అనేవారు.

నన్నడగడమే ఆయన చేసిన తప్పు. పదేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నదాన్ని, తాళం విషయంలో ఎవరి మాటా వినను. ఫ్లమెంకో తాళంలో ఒక్కో చుట్టుకి పన్నెండు దెబ్బలు. మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద ఊనిక. అంతవరకూ బాగానే ఉంది. కానీ పాటలో ఒక్కో ముక్క పదో దెబ్బకే ముగిసిపోతుంది. మన సంగీతంలో చుట్టంతా తిరిగి మళ్లీ ఒకటి మీద వాలితేనే గదా ముగిసినట్టు! ఆయన పదిలో ఆపగానే నా చెయ్యి గాల్లో ఉండిపోయేది. "ఆగండాగండి, ఇంకా రెండు మిగిలాయి" అనేదాన్ని. ఆయన నవ్వి మళ్లీ మొదలెట్టేవారు. టీచరమ్మ ఏం చెప్పిందో వివరించబోతే, "ఆవిడకేం తెలుసండీ" అనేదాన్ని. ఆరేళ్లూ ఇదే వరస.

ఈ వారం కూర్చుని అన్నీ విన్నాను. చక్కగా సాగుతున్న ప్రతి పాటనీ నా గొంతు వచ్చి ఆపేస్తోంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఇంట్లో ఉండలేక టీచరమ్మ దగ్గరికి డ్రైవ్ చేశాను. ఆవిడ నా చేతులు పట్టుకుని చప్పట్లు కొట్టించింది. పది దగ్గర ఆగి, పదకొండూ పన్నెండూ మెల్లగా తట్టి, "ఇవి మిగిలిపోయినవి కావు, ఊపిరి పీల్చుకోడానికి" అంది. మీ ఆయనకి ఇది మొదటి నెలలోనే అర్థమైందని కూడా చెప్పింది.

నిన్న ఇంకో ఫోల్డర్‌లో ఒక రికార్డింగ్ దొరికింది. నేను ఓక్ ట్రీ రోడ్డుకి కూరలకి వెళ్లిన పూట చేసుకున్నట్టుంది. నాలుగు నిమిషాలు, ఎవరూ ఆపలేదు. పదో దెబ్బ మీద తీగల్ని అరచేత్తో నొక్కిన చప్పుడు, వెంటనే "అయిపోయిందోయ్, నువ్వు ఒప్పుకోకపోయినా" అన్నారు. కుర్చీ జరిగిన చప్పుడు. అంతే.

ఆ మాట నా దగ్గరే ఉంచుకుని, పాట వరకే కత్తిరించి అమ్మాయికి పంపాను. కాసేపట్లోనే ఫోన్. "అమ్మా, ఇది కట్ అయిందా? ఎండ్‌లో ఇంకా ఏదో ఉండాలి కదా?" నా కూతురే మరి.

"లేదమ్మా, అక్కడితో అయిపోయింది" అన్నాను. ఆరేళ్లు ఆయన నా నోటి వెంట వినాలని చూసిన మాట అది. అనడానికి ఒక్క క్షణం చాలింది, ఆ క్షణమే ఆయన ఉండగా నాకు రాలేదు.