అత్త వదిలిన జానెడు గుడ్డ

మా మేనత్త పోయిందని ఫోను వచ్చినప్పుడు నేను నంద్యాలలో ఒక బట్టల అంగట్లో ఉన్నాను. ఆమె కోసమే లైనింగు గుడ్డ చూస్తున్నాను. అంతకుముందు రెండుసార్లు కొనుక్కుపోతే రెండుసార్లూ తిప్పి పంపింది. ఒకటి మరీ తెలుపట, ఇంకొకటి ఉతికితే ముడుచుకుపోతుందట. ఫోనులో ఆళ్లగడ్డ నుంచి ఆమె పక్కింటామె. "అమ్మా, మీ అత్త ల్యా ఇంగ. పొద్దున కాఫీ తాగి కుర్చీలో కూచున్నెట్లే పోయింది." గుడ్డ కొస ఇంకా నా చేతిలోనే ఉంది. అంగడాయన కత్తెర ఎత్తి, "చించాల్నా, వద్దామ్మా?" అన్నాడు. చించమన్నాను.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. నా మనవరాలి బాప్తిస్మం దగ్గరికి వచ్చేసింది. ఆ బిడ్డకు కప్పాల్సిన బొంత సగంలో ఉంది. దాన్ని ఎట్లా ముగించాలో ఆమెకే తెలుసు. నన్ను ఇంతదాకా లాక్కొచ్చి, తాను తీరిగ్గా కుర్చీలో కూర్చుని వెళ్లిపోయింది.

ఈ బొంత మా జేజి మొదలుపెట్టింది. జేజి అంటే మా నాయన తల్లి. ఆళ్లగడ్డ చర్చిలో ఆడవాళ్ల కూటానికి ఆమే పెద్ద. ఒకసారి అందరితో, తలా ఒక జానెడు తెల్లగుడ్డ మీద మీ ఇంటి ముందర పూసేదేదో కుట్టి తీసుకురండి, కలిపి బొంత చేద్దాం, బిడ్డల బాప్తిస్మానికి పనికొస్తుంది అని చెప్పిందట. వాళ్లు చెప్పింది చెప్పినట్టే చేశారు. ఎవరి జానతో వాళ్లు కొలుచుకున్నారు! మల్లె, కనకాంబరం, గన్నేరు, చివరికి ఒకామె వంకాయ పువ్వు కూడా కుట్టింది. కుట్టంతా ముచ్చటగా ఉంది గానీ, ఒక ముక్క ఇంకో ముక్కతో కుదిరితే ఒట్టు. తర్వాత చూద్దామని జేజి వాటిని ట్రంకుపెట్టెలో పెట్టింది. ఆ తర్వాత అనేది రాలేదు. పెట్టె అత్తకు వచ్చింది. కుట్టినవాళ్లు ఒక్కొక్కరే సమాధుల తోటకు చేరారు.

నా కూతురు కడుపుతో ఉందని తెలిసిన వారమే అత్త పెట్టె తెరిచింది. నేను జాకెట్లు కుట్టి బతికేదాన్ని. మిషను మీద ఇదెంత పని అనుకున్నాను. అట్టముక్కను చదరంగా కోసి, మంచి కత్తెర చూసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. ముక్కలన్నీ చాప మీద పరిచి, అట్ట పెట్టి, కత్తెర తెరిచానో లేదో అత్త నా మణికట్టు పట్టుకుంది.

"ఏందిమే జేస్తాండావు?"

"అన్నీ సమానంగా కోస్తాండా అత్తా. ల్యాకుంటే ఎట్ల అతకాల?"

"ఆడోళ్ల చేతులు కోస్తావా? ఈ చిన్నది జూడు. గడివేముల నుంచి కోడలుగా వచ్చిన పిల్లది. అప్పటికింకా పెరగతాండె ఆ చెయ్యి. దాన్ని కోసేదానికి నీకెట్ల మనసొచ్చె?"

అప్పటి నుంచి నా ఖర్మ మొదలైంది. ఆమె పద్ధతి ఏమిటంటే, ప్రతి ముక్క చుట్టూ పాతచీర పట్టీ వేసి అన్నింటినీ ఒకే కొలతకు తేవాలి. చిన్న చేతికి వెడల్పు పట్టీ, పెద్ద చేతికి సన్న పట్టీ. పైగా మిషను ముట్టుకోకూడదు, అంతా చేతికుట్టే. పండగ జాకెట్లు ఇంట్లో గుట్టపడి ఉంటే, నేను వీలు దొరికినప్పుడల్లా ఆళ్లగడ్డ పోయి పట్టీలు అతికేదాన్ని. వాళ్ల వీధి నిండా శిల్పాలు చెక్కే షెడ్లు. ఉలి దెబ్బలకు లేచిన రాతిపొడి కిటికీలోంచి వచ్చి గుడ్డల మీద పడేది. అది దులుపుకోవడం ఇంకో పని.

నేను ఎంత బాగా కుట్టినా ఆమె ముందువైపు చూసేది కాదు. "ఎనకపక్క జూపీ" అనేది. వెనక్కి తిప్పి, కుట్టు మీద బొటనవేలు మెల్లగా జరిపేది. ముడి తగిలిందా, అంతే సంగతులు. "విప్పు. కోపంగా కుట్టినావు. కోపమంతా ఎనకపక్కనే దాక్కుంటాది." కోపం తెప్పించేది ఎవరు మరి? ఎన్నోసార్లు విప్పిన ముక్కలు సంచిలో వేసుకుని, బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆమెను తిట్టుకుంటూ నంద్యాల వచ్చాను.

ఈ అలవాటుతో ఆమె మా పరువు కూడా తీసింది. నా కూతురి పెళ్లిలో వియ్యపురాలు ఖరీదైన మగ్గం జాకెట్టు వేసుకుంటే, పలకరిస్తున్నట్టు చెయ్యి పట్టుకుని, జాకెట్టు చేతి అంచు తిప్పి చూసి, "ముందరంతా పెండ్లి, ఎనకంతా సంత" అనేసింది. ఆ వియ్యపురాలికి సర్దిచెప్పడానికి నా తల ప్రాణం తోకకు వచ్చింది. కానీ నాకు సూది పట్టుకోవడం నేర్పింది ఆ చెయ్యే. నా భర్త పోయిన ఏడాది, "ఏడుస్తా కుట్టు, పర్వాల్యా. కుట్టడం మాత్రం ఆపొద్దు" అని మిషను ముందు కూర్చోబెట్టింది కూడా ఆమే. ఈ రోజు నేను తినే అన్నం ఆమె పెట్టిందే.

చివరికి బొంత ఒక రూపానికి వచ్చింది. సరిగ్గా నడిమధ్యలో మాత్రం ఒక ముక్క పట్టేంత ఖాళీ. "ఈడ ఏం బెడతావత్తా?" అంటే, "ఉంటాదిలే. నువ్వు లైనింగు సంగతి జూడు" అనేది. లైనింగు తెస్తే బాగాలేదనేది. నాకు ఒళ్లు మండిపోయేది.

మట్టి చేసి వచ్చాక ట్రంకుపెట్టె తెరిచాను. బొంత మడత మధ్యలో ఒక జానెడు గుడ్డ ఉంది. దాని మీద ఆమె గుమ్మం ముందర పూసే బిళ్లగన్నేరు, పెన్సిలుతో గీసి, సగం కుట్టి. సూది ఇంకా గుడ్డలోనే ఉంది. కుట్టు గీత మీద లేదు. ఒక రెక్క మీద రెండుసార్లు కుట్టింది, పక్కరెక్క వదిలేసింది. నా చేతులు వాటంతటవే దాన్ని వెనక్కి తిప్పాయి. అన్నీ ముడులే. చిక్కులు, తెగిన దారాలు, ముడి మీద ముడి.

పక్కింటామె గడప దగ్గర నిలబడి చెప్పింది. "కండ్లు ఆనవమ్మా ఆమెకు, శానా దినాల నుంచి. నీకు జెప్పొద్దనె. సూదిలో దారం నేనే ఎక్కిస్తాంటి. 'నాది అయ్యేదాకా దాన్ని నంద్యాల అంగళ్ల ఎంట తిప్పల్ల' అని నగుతాండె."

నాకు ఆమెను గట్టిగా తిట్టాలనిపించింది. చెప్పి ఉంటే నేను కుట్టేదాన్ని కదా! నా ముడులు వేలికి తగిలితే చాలు విప్పించిన మనిషి, తన ముడులను ఇన్నాళ్లు పెట్టెలో దాచుకుంది. ఆ గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుని అప్పుడు ఏడ్చాను.

విప్పలేదు. మిగిలిన రెక్కలూ కుట్టలేదు. చుట్టూ సన్న పట్టీ వేసి నడిమధ్యలో అతికాను. తర్వాత అంగట్లో చించిన గుడ్డనే లైనింగు వేయడానికి కూర్చుంటే ఇంకో చిక్కు. లైనింగు వేస్తే ఆమె వెనకపక్క ఎవరికీ కనపడదు. అక్కడ ఆ ముక్క మేరకు లైనింగును మూడు పక్కల కోసి, అంచు మడిచి కుట్టి, తలుపులా వదిలేశాను.

బాప్తిస్మం రోజు పాస్టరు నీళ్లు చల్లినా మా మనవరాలు ఏడవలేదు. ఆ తలుపులోకి చెయ్యి దూర్చి ఒక ముడిని గుప్పిట్లో పట్టుకుంది. ఇంటికి పోదామని బొంత మడవబోతే, ఎంత బుజ్జగించినా వదల్లేదు.