కోహెడ అక్క పిన్ను

పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంటే నా కంప్యూటర్ వేడెక్కి నడుమల్నే బందైతుండె. ఫ్యాన్ తీసేసి వాటర్ కూలింగ్ పెట్టిద్దామని దుబ్బాక నుంచి సిద్దిపేటకు మోసుకొచ్చిన. దుకాణం ఇంకా తెరువలేదని బస్టాండ్ల కూసున్న.

పక్కన కోహెడ బస్సు కోసం చూస్తున్న ఒక అక్క, "ఏమైంది తమ్మీ?" అన్నది. చెప్పిన.

"నాదీ ఎడిటింగ్ పనే. వాటర్ కూలింగే వాడుత. సప్పుడు తక్కువ, ఎంత పనికైనా సల్లగుంటది. కానీ ఆ నీళ్లను సల్లార్చేటందుకు దానికీ ఫ్యాన్లే కావాలె. మీ ఇంట్ల మగ్గముందా?"

"మా అమ్మ నేస్తది. నా కంప్యూటర్ మగ్గమున్న అర్రల్నే ఉంటది. నీకెట్ల తెల్సె?"

నవ్వి, నా అంగీకి అంటిన నూలు నూగు చూపించింది. జడల పిన్ను తీసి కంప్యూటర్ డబ్బాకు గాలి పోయే జాలీల పెట్టి గుంజితే, అసొంటి నూగే దూది వత్తి లెక్క బయటికొచ్చింది.

"గిది నిండితే ఏ కూలింగ్‌కైనా ఊపిరాడదు. ముందుగాల సాఫ్ చేసి చూడు."

అంతల బస్సొచ్చింది. పిన్ను నా చేతుల పెట్టి ఎక్కి పోయింది. పేరన్న అడగలే.

దుకాణానికి పోకుండ ఇంటికొచ్చి జాలీ అంత సాఫ్ చేస్తే, కంప్యూటర్ మళ్ల బంద్ కాలే. గదే ఫ్యాన్ ఇప్పటికీ తిరుగుతుంది. అమ్మ మగ్గం దులిపిననాడే నేనూ జాలీ దులుపుత. పిన్ను కనవడకపోతే నాకంటె ముందు అమ్మే ఎతుకుతది. ఎన్నడూ చూడని మనిషిని యాది జేస్తది:

"ఆ పిల్ల పిన్నేది రా?"