మావాడు వచ్చాడని పిలిస్తే

మా చిన్నాన్న కొడుకు శీను బెట్టింగ్ యాప్‌లో మునిగి, గొర్రెలన్నీ అమ్ముకుని ప్రొద్దుటూరు వదిలి వెళ్ళిపోయాడు. ఆ యాప్‌కు ప్రకటన చేసింది నేను 'మావాడు' అని చెప్పుకునే నా అభిమాన ఆటగాడే. అందుకే ఇక క్రికెట్ చూడనని ఒట్టు పెట్టుకున్నాను. మ్యాచ్ సంగతులు నాయన చెబితే మాత్రం వింటున్నాను.

ఈ సాయంత్రం నాయన టీవీ ముందు నుంచి కేకేశాడు. "అమ్మీ, బిరీన రా! మీవోడొచ్చినాడు!"

చదువురాని నాయనకు క్రికెట్ నేర్పింది నేనే. ఒట్టు మరిచిపోయి, పిండి చేతులతోనే పరుగెత్తాను. మావాడు వచ్చింది బ్యాటింగుకు కాదు, ఆ ప్రకటనలోకి. హిందీలో నవ్వుతూ చెబుతున్నాడు.

"ఏమంటాండాడు?" అన్నాడు నాయన.

"శీను ఆడిన యాపే నాయనా. మనల్ని గూడా ఆడమంటాండాడు."

నాయన నవ్వు ఆగిపోయింది. "శీనుగానికి గూడా ఇట్లే నవ్వుకుంటా చెప్పినాడా?"

"ఊ."

నాయన టీవీ ఆపేసి, రిమోట్‌ను నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళాడు.

నాయన కూడా క్రికెట్ మానేసినట్టే, నేను గెలిచినట్టే. కానీ నాయన పొలం నుంచి వచ్చాక మా ఇద్దరికీ ఉన్న మాటలు క్రికెట్ మాటలే. మీరు మీ నాయనలతో ఏం మాట్లాడుతారు? కాస్త చెప్పండి, రేపటికి కావాలి.